టోకెన్ నంబరు 294409

చెన్నై,
9 జూన్ 2024

తాతయ్యా,

నమస్కారాలు తర్వాత పెడతాను. ముందు నీతో దెబ్బలాట.

నిన్న నాయనమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. మన పోలమ్మ! మిక్సీ పేలినా కన్ను ఆర్పని మనిషి! "ఒలే రోహిణీ, మీ తాత గోడకేసి తిరిగి కూసుంటన్నాడే. టీవీకీ నోరు నేదు, ఆయనకీ నోరు నేదు. టీ గుమ్టీ కాడికి ఎల్లడం మానేసినాడు. ఇలగే కూసుని కూసుని పోతాడేటో అని బయ్యమేస్తంది" అంది.

నీ చెవులు పూర్తిగా పోయాయని నాన్న చెప్పాడు. స్టీల్ ప్లాంట్‌లో రైల్ మిల్లు రొద వాటిని ఎప్పుడో సగం తినేసింది, మిగతా సగం ఇప్పుడు పోయింది. ఒప్పుకున్నాను. కానీ చెవులతో పాటు మనుషుల్నీ వదిలేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు.

ఫోన్‌లో నీకు వినబడదు. వాట్సాప్ అంటే అరచేతిలో చీమలంటావు. అందుకే ఉత్తరం. హిందీ మీడియం పిల్లకి పట్టుబట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే కదా, తప్పులుంటే అనుభవించు.

ఇప్పుడు పని చెబుతున్నాను. ప్లాంట్‌లో నీ టోకెన్ నంబరు 294409 ఉందే, అన్నేళ్ళు బిళ్ళ మీద రాసి ఛాతీకి పెట్టుకు తిరిగావు, అది ఎలాంటి సంఖ్యో ఎప్పుడైనా అడిగావా? మా క్లాసులో సంఖ్యల్ని జాతులుగా విడదీస్తాం. నీదాన్ని కొంచెం చూశాను. బేసి సంఖ్య. అంకెలు కూడితే 28 వస్తుంది. ఈ 28 చాలా గొప్పది. తనని తప్ప తనని భాగించేవన్నీ, 1, 2, 4, 7, 14, కూడితే మళ్ళీ 28 వస్తుంది. అలాంటిదాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. దాని తర్వాతది 496 దాకా లేదు. ఇక నీ నంబరు వర్గం కాదు. 542ని 542తో గుణిస్తే తక్కువ పడుతుంది, 543ని 543తో గుణిస్తే దాటిపోతుంది.

అసలు ప్రశ్న మిగిలింది. అది ప్రధాన సంఖ్యా? అంటే ఒకటీ, తనూ తప్ప ఇంకెవరూ నిశ్శేషంగా భాగించలేని సంఖ్యా? తేల్చాలంటే 542 లోపలున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి సరిగ్గా వంద. విడిగా కాగితం మీద రాసి పెట్టాను. నేను చూడలేదు, చూడను. నువ్వే తేల్చి చెప్పాలి.

ఒక్కడివీ చెయ్యకూడదు. గుమ్టీకి వెళ్ళావో లేదో నాయనమ్మ నాకు చెప్పేస్తుంది.

నీ మొండి మనవరాలు,
రోహిణి


భిలాయి, సెక్టర్ 7,
23 జూన్ 2024

మా రోహిణమ్మకి,

క్రేన్ మీంచి జాగ్రత్తగా దించుతున్న ఆశీస్సులు. అందుకో.

నీ ఉత్తరం చదివి మీ నాయనమ్మని కోప్పడ్డాను. ఊరంతా టాంటాం వేస్తుందా అని. ఆవిడేదో తిరిగి అంది. నాకు వినబడలేదు. చెవుడు వల్ల లాభం అదొక్కటే.

నిజం చెప్పమంటావా? నలుగురిలో కూచుంటే అందరి పెదాలూ ఆడుతుంటాయి, అందరూ ఒక్కసారి నవ్వుతారు, నేను ఎందుకో తెలియకుండా పళ్ళు ఇకిలించాలి. సిగ్గేసేది తల్లీ. దానికన్నా గోడే నయమనిపించేది. గోడ ఏమీ అనదు.

కానీ నీ నంబరు నన్ను పడుకోనివ్వలేదు. ఇన్నేళ్ళూ దాన్ని జీతం కాగితం మీదా, హాస్పిటల్ పుస్తకం మీదా చూశాను. అందులో 28 కూర్చుని ఉందని, అది పరిపూర్ణమని నాకెవడు చెప్పాడు? మరునాడు సాయంత్రం ఆ కాగితం జేబులో పెట్టుకుని గుమ్టీకి వెళ్ళాను. విలియం నన్ను చూసి చేతిలో టీ గ్లాసు వదిలేశాడు. పగిలింది. డబ్బులు నేనే ఇచ్చాను.

విలియం నీకు తెలుసు కానీ, అతని పని నీకు తెలియదు. నేను పైన క్రేన్ కేబిన్‌లో ఉంటే అతను కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేవాడు. ఆ రొదలో అరిచినా వినబడదు. అతని చెయ్యి చూసే ఎత్తాలి, చెయ్యి చూసే దించాలి. బొటనవేలు పైకెత్తి చూపాడంటే కింద ఎవరూ లేరు, అంతా సబ్ ఠీక్ అని అర్థం. నేను కిందికి తొంగి కూడా చూడను. ఆ వేలు అబద్ధమాడితే ఒక మనిషి చచ్చిపోతాడు. ఒక్కసారి కూడా ఆడలేదు.

ఇప్పుడు నా చెవులు పోయాక కూడా నాతో మాట్లాడగలిగేది ఆ చేతులే. అప్పలకొండ కూడా ఉన్నాడు, మా మిల్లువాడే. ముగ్గురం కూచుని వందనీ మూడు షిఫ్టులు చేశాం. 2 నుంచి 137 దాకా ‘ఏ’ షిఫ్టు, విలియంవి. మధ్యవి బీ షిఫ్టు, అప్పలకొండవి. పెద్దవన్నీ సీ షిఫ్టు, నావి. ఎవడి భాగారం వాడు ఇంట్లో చేసుకోవాలి, సాయంత్రం గుమ్టీ దగ్గర చెయ్యి చూపించాలి. వేలు పైకెత్తితే ఈ రోజు చూసినవి వేటితోనూ పోలేదని. అడ్డంగా ఊపితే పోయిందని, ఆట కట్టని. ప్లాంట్‌లో లాగే, ఒకడు అప్పజెప్పిన షిఫ్టుని ఇంకొకడు మళ్ళీ తడిమి చూడడు. అది అవమానం.

మొదటి సాయంత్రం విలియం వేలు పైకెత్తాడు. నేను రెండో టీ కూడా చెప్పాను. ఏమిటో ఈ పిచ్చి!

పెన్సిలు ముక్కతో,
మీ తాతయ్య గురునాథరావు


చెన్నై,
14 జూలై 2024

తాతయ్యా,

నాయనమ్మ ఫోన్‌లో నవ్వింది! "రోజూ నాలుగయ్యేసరికి సెప్పులేసుకుని రెడీ. ఏటి సేస్తన్నారో గాని పొద్దస్తమానం లెక్కలే, కూరలో ఉప్పు నేకపోయినా అడగట్లేదు" అంది. నేను హాస్టల్లో ఒక్కదాన్నే గంతులేశాను.

నేనొక తప్పు చేశాను. చూడనన్నాను కదా, ఆగలేకపోయాను. క్లాసు కోసం ఒక ప్రోగ్రాం రాశాను. అది భాగారం చెయ్యకుండానే, వేరే దారిలో సంఖ్యని చకచకా పరీక్ష చేస్తుంది. నీ నంబరు ఇచ్చాను. ఫలితం నీకు చెప్పను. మీ ముగ్గురూ తేల్చాకే. కానీ నా మొహం చూస్తే నీకు తెలిసిపోయేది!

షిఫ్టు అయిపోయాక ఖాళీగా ఉండకు. ఇంకో ఆట ఇస్తాను. నీ నంబరుని నాలుగుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్య ఏదైనా సరే, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. 13 అంటే నాలుగూ తొమ్మిదీ కూడితే వచ్చేది, రెండు రెళ్ళూ, మూడు మూళ్ళూ. నీదాన్ని కూడా అలా రెండు ముక్కలుగా వెతికి పట్టుకో.

విలియం తాతకి, లూసీ బామ్మకి నా ప్రణామ్.

రోహిణి


భిలాయి,
18 ఆగస్టు 2024

రోహిణమ్మా,

కూచుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

ప్రధాన సంఖ్య! మీ తాత ప్రధాన సంఖ్య! వందకి వంద చూశాం, ఒక్కటంటే ఒక్కటి కూడా నన్ను భాగించలేకపోయింది. ఆఖరిది 541, నా చేత్తో చేశాను, 105 మిగిలింది. నేను లేచి నిలబడి వేలు పైకెత్తాను. అప్పలకొండ గుమ్టీలో ఉన్న జిలేబీ అంతా కొనేశాడు. తెలియనివాళ్ళు కూడా తిన్నారు. ఎవరికైనా మనవడు పుట్టాడేమో అనుకుని ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

విలియం మాత్రం జిలేబీ తినలేదు. షుగర్ అన్నాడు. సరే.

మార్కెట్లో పెయింటర్ చేత రేకు మీద రాయించాను. ఎర్ర అక్షరాలు. "294409, ప్రధాన సంఖ్య". క్వార్టర్ తలుపు పక్కన మేకు కొట్టాను. మీ నాన్న సూర్యప్రకాష్ డ్యూటీ నుంచి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. పోస్టుమాన్ అది ఇంటి నంబరనుకుంటాడట. అనుకోనీ.

నీ రెండో ఆట కూడా అయిపోయింది. 542 నుంచి కిందికి దిగుతూ ఒక్కొక్క వర్గం తీసేసి మిగిలినది చూశాను. మూడోదానికే దొరికింది. 540 వర్గమూ, 53 వర్గమూ. గుణించి చూసుకో. అంత తొందరగా అయిపోయేసరికి నాకు తనివి తీరలేదు. ఇంకా కిందికి దిగాను. నువ్వు ఒకటే అడిగావు. నేను రెండు పంపుతున్నాను! 528 వర్గమూ, 125 వర్గమూ కలిపినా అదే నంబరు. మీ మాస్టారికి చూపించు. భిలాయిలో రిటైరైన క్రేన్ ఆపరేటర్ రెండో దారి కూడా పట్టుకున్నాడని చెప్పు.

ఛాతీ విరుచుకుని,
తాతయ్య


చెన్నై,
27 ఆగస్టు 2024

తాతయ్యా,

ఈ ఉత్తరం రాసి చించాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చించాను. నీకు అబద్ధం చెప్పడం నాకు రాదు.

నీ ఉత్తరం మెస్సులో విప్పాను. రేకు సంగతి చదివి పకపకా నవ్వాను. తర్వాత ఆ రెండో జంట దగ్గరికి వచ్చాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

ప్రధాన సంఖ్యని రెండు వర్గాలుగా ఒకే ఒక్క విధంగా విడదీయగలం. ఆ మాట నీకు రాయలేదు, అవసరం పడుతుందనుకోలేదు. రెండో విధం దొరికిందంటే అది ప్రధాన సంఖ్య కాదు. నువ్వు ముద్దుగా పంపిన ఆ 528, 125 ఉన్నాయే, అవే దాన్ని పడగొట్టాయి.

నేను నమ్మలేదు. నా ప్రోగ్రాం అది ప్రధానమే అంది కదా! పరిగెత్తి మా మేడమ్‌కి చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి నవ్వింది. కొన్ని సంఖ్యలున్నాయట, చాలా అరుదు. నేను రాసిన లాంటి పరీక్షలకి దొరకవు. ఏ గేటు దగ్గర నిలబెట్టినా ప్రధాన సంఖ్య పాసు చూపించి లోపలికి వచ్చేస్తాయి. సూటిగా భాగిస్తేనే బయటపడతాయి. లక్షల్లో ఏ కొన్నో ఉండే అలాంటి దొంగ సంఖ్య మీ తాతగారి ఛాతీ మీదకెలా వచ్చిందీ అని ఆవిడే ఆశ్చర్యపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కాలిక్యులేటర్ తీసి భాగించి ఉంటే ఒక్క నిమిషం పని.

37, 73, 109. ఈ మూడూ గుణిస్తే నీ నంబరు వస్తుంది.

మూడూ ‘ఏ’ షిఫ్టువే తాతయ్యా. విలియం తాత కళ్ళకి శుక్లాలున్నాయి కదా. పాపం, ఎక్కడో అంకె తప్పు చూసి ఉంటాడు. ఆయన్నేమీ అనకు. తప్పంతా నాది అనుకో. గుమ్టీకి మాత్రం మానకు, నీకు దణ్ణం పెడతాను.

రోహిణి


భిలాయి,
5 సెప్టెంబర్ 2024

రోహిణికి,

నీ ఉత్తరం చదివి మొదట నిన్నే తిట్టాను. మిషన్లని నమ్ముకున్న పిల్ల, ముసలాళ్ళ చేతి లెక్కని కాదంటుందా అని. తర్వాత పెన్సిలు తీసి 37తో భాగించాను. 7957. కింద సున్నా. మళ్ళీ చేశాను. మళ్ళీ సున్నా. ఆ సున్నా వైపు చూస్తూ ఎంతసేపు కూచున్నానో తెలియదు. మీ నాయనమ్మ వచ్చి నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

విలియంకి కళ్ళు కనబడక జరిగిందనే నేనూ అనుకున్నాను. కానీ ఒక అంకె తప్పితే ఒక భాగారం తప్పుతుంది. మూడూ ఎలా తప్పుతాయి?

సెక్టర్ 2లో విలియం ఇంటికి వెళ్ళాను. వాళ్ళ వరండాలో కూచున్నాడు. కాగితం మీద 37 అని రాసి, సున్నా చుట్టి, అతని ఒళ్ళో పెట్టాను. నీకు తెలుసా అని చేత్తో అడిగాను. శుక్లాలని అనొచ్చు, మరిచిపోయానని అనొచ్చు. నేను నమ్మేసేవాణ్ణి. నమ్మడానికే వెళ్ళాను. అతను కాగితం వంక చూడనే లేదు. నా మొహంలోకి చూసి తలాడించాడు. తెలుసు అని.

తెలిసి వేలు ఎత్తాడు, రోహిణీ! తెలిసి!

ఆ వేలు చూసి నేను టన్నుల బరువు మనుషుల నెత్తి మీదుగా దించాను. ఆ వేలు అబద్ధమాడగలదని ఆ రోజుల్లో ఎవడైనా చెప్పి ఉంటే వాడి పళ్ళు రాలగొట్టేవాణ్ణి. విలియం, అప్పలకొండ కలిసి నన్ను ఆటపట్టించారనుకున్నాను. చెవిటోడు కదా, ఎలా ఆడించినా ఆడతాడు! జిలేబీ తిననిది అందుకే. వెనక నవ్వుకుని ఉంటారు.

లూసీ ఏదో చెప్పబోయింది. పెదాలు ఆడాయి, కళ్ళనీళ్ళు కారాయి. నాకు వినబడదు కదా, వచ్చేశాను.

రేకు పీకేశాను. మీ నాయనమ్మ దాన్ని ఆవకాయ జాడీ మీద మూతేసింది. గుమ్టీ, గిమ్టీ ఇక అడగొద్దు. చెవులు పోయినప్పుడు ఇంత బాధ వెయ్యలేదు. ఇప్పుడు చేతులు కూడా పోయాయి.

గురునాథరావు


చెన్నై,
15 సెప్టెంబర్ 2024

తాతయ్యా,

పేరొక్కటే సంతకం పెట్టావు. తాతయ్య అని రాయలేదు. ఆ చివరి లైను చూసి భోరున ఏడ్చాను.

నేను ఊరుకోలేదు. విలియం తాతకి ఫోన్ చేశాను. ముందు లూసీ బామ్మ ఎత్తింది. ఆయన మంచం దిగట్లేదట, అన్నం ముట్టట్లేదట, వాళ్ళబ్బాయి శామ్ బాబాయి డాక్టర్‌ని తీసుకొచ్చినా నోరు విప్పలేదట. నా పేరు చెబితే ఫోన్ తీసుకున్నాడు. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు వినబడింది కాబట్టి, నీకు వినిపించడం నా పని.

"అమ్మా రోహిణీ, మొదటి రోజే ముప్పై ఏడు దగ్గర పోయింది. ఇంట్లో కూచుని చూశాను, ఖతం. ఆ సాయంత్రం గుమ్టీకి వెళ్తూ చెయ్యి అడ్డంగా ఊపుదామనే వెళ్ళాను. వెళ్ళి చూస్తే మీ తాత నా కన్నా ముందే వచ్చి కూచున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడమ్మా. ఎన్ని నెలల తర్వాత! నా చేతి వంక అలాగే చూస్తున్నాడు. నేను కాదని ఊపితే ఆట అక్కడితో బంద్. మర్నాడు మళ్ళీ గోడ. నా వేలు దానంతట అదే లేచింది. అప్పలకొండకి కూడా చెప్పలేదు."

మరి తర్వాతైనా చెప్పకపోయారా అన్నాను.

"బరువు గాల్లో ఉండగా ఒక్కసారి ఆపమంటే ఊగి గోడని గుద్దుద్ది. మెల్లగా దించాల. నాలుగు రోజులు తిరగనీ, అలవాటు పడనీ, అప్పుడు దించుదామనుకున్నాను. ఇంతలో మీవాడు రేకు రాయించేశాడు. ఇంక ఎక్కడ దించేది? గురూకి చెప్పు బేటీ. ప్లాంట్‌లో ఒక్కసారి కూడా అలా ఎత్తలేదని చెప్పు. ప్రభువు మీద ఒట్టు."

తాతయ్యా, ఎవరూ నవ్వుకోలేదు. నేను ఆ నంబరు నీకెందుకు ఇచ్చానో, ఆయన వేలు అందుకే ఎత్తాడు. నన్ను క్షమిస్తే ఆయన్నీ క్షమించాలి.

ఇప్పుడు ఆయన కూడా గోడవైపు తిరిగి పడుకున్నాడట.

నీ రోహిణి


భిలాయి,
2 అక్టోబర్ 2024

రోహిణమ్మా,

నీ ఉత్తరం మీ నాయనమ్మకి చదివి వినిపించాను. విలియం అన్న ముక్క దగ్గర నా గొంతు ఎలా పలికిందో నాకు తెలియదు, కానీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. ఏ మూలో కొంచెం తగిలింది, మిగతాది పెదాలని బట్టి తెలిసింది. "ఒకడు గోడకేసి కూసుంటే సాల్లేదేటి, ఇద్దరు కావాలా? ఎల్లు! ఎల్లి తెచ్చుకో నీ మనిసిని!"

నాకు కోపం పోలేదు, నీతో అబద్ధమెందుకు? వేలు వేలే. కానీ మొదటి రోజు సాయంత్రం గుర్తొచ్చింది. ఆ పగిలిన టీ గ్లాసు. నన్ను చూసి అలా చేతిలోది వదిలేసేవాళ్ళు ఈ ఊళ్ళో నాకు ఇంకెంతమంది ఉన్నారు?

ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాను. విలియం నిజంగానే గోడవైపు తిరిగి ఉన్నాడు. సగమైపోయాడు. నన్ను చూసి లేవబోయాడు, నేను భుజం పట్టి కూచోబెట్టాను. ఇద్దరం మొహాలు చూసుకోలేకపోయాం. నేను జేబులోంచి కాగితం తీసి 294413 అని పెద్దగా రాశాను. అది అతని టోకెన్ నంబరు. ఒకే రోజు ఒకే లైన్లో నిలబడి చేరాం, మధ్యలో ముగ్గురే. అన్నేళ్ళలో తన నంబరు ఎలాంటిదో అతనూ చూసుకోలేదట. నీ వంద సంఖ్యల కాగితం కింద పెట్టాను. అదే 542, అవే వంద. ఈసారి బీ షిఫ్టు నీది, సీ అప్పలకొండది అని చేత్తో చెప్పాను. ‘ఏ’ షిఫ్టు నాది.

ఇంటికొచ్చి మొదలుపెట్టాను. రెండు, మూడు, ఐదు పోలేదు. ఏడు వేశాను. ఏడుతో 42059. కింద సున్నా. నాలుగో భాగారానికే! నాకు మతిపోయింది. పెన్సిలు కింద పడేసి కూచున్నాను. అప్పుడు అర్థమైంది తల్లీ, ఆ రోజు ముప్పై ఏడు దగ్గర అతని ప్రాణం ఎలా గిలగిల్లాడిందో.

నువ్వు ఈ నంబరుని నీ ప్రోగ్రాంలో పెట్టకు. ఎవరైనా అడిగినా నీకు తెలియదు.

నిన్న సాయంత్రం గుమ్టీకి వెళ్ళేసరికి విలియం వచ్చి ఉన్నాడు. లూసీ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి దూరంగా కుర్చీలో కూచుంది. మనిషి ఇంకా నీరసంగానే ఉన్నాడు, కానీ గడ్డం గీసుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళకముందే, రోడ్డుకి అవతల ఉండగానే, తలెత్తి నా చేతి వంక చూశాడు.

నేను అక్కడే ఆగి వేలు పైకెత్తాను.

మీ తాతయ్య